చిన్న ప్రయాణాలకు, గుట్టలెక్కడానికి కెమెరా బ్యాక్‌ప్యాక్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున్నే బైకో బస్సో ఎక్కి భువనగిరి కోటకో, దేవరకొండకో, పానగల్లు గుళ్లకో, అలంపురానికో పోయి, గంటో రెండు గంటలో నడిచి, ఫొటోలు తీసుకుని చీకటి పడేలోపు ఇల్లు చేరేవాళ్ల కోసం ఈ పేజీ. వారం రోజుల ట్రెక్కింగులకు పోయేవాళ్ల లెక్క వేరు. మనకు ఎండ, బండరాళ్లు, కంపచెట్లు, కోతులు, కిక్కిరిసిన బస్సులు ఉంటాయి, అందుకే చల్లటి దేశాలవాళ్లు చేసిన రివ్యూలు మాత్రమే చూసి బ్యాగు కొనకండి.

కెమెరా బ్యాగే కొనాలా? ఇంట్లో ఉన్న కాలేజీ బ్యాగులో పెట్టుకుంటే నడవదా?

నడుస్తుంది. చిన్న మిర్రర్‌లెస్ కెమెరా, దాంతో వచ్చిన కిట్ లెన్సు, అంతే ఉన్నవాళ్లకు నిజానికి అదే మంచిది. కెమెరా ఇన్సర్ట్ అని విడిగా దొరుకుతుంది, లోపల స్పాంజి గోడలు, మార్చుకోగలిగే అరలు ఉన్న చిన్న పెట్టెలాంటి సంచి. దాన్ని మంచి నడక బ్యాగులో పెట్టుకుంటే కెమెరాకు రక్షణ ఉంటుంది, బ్యాగు కూడా తేలిగ్గా ఉంటుంది. డెకాత్లాన్‌లో దొరికే క్వెచువా 20 లీటర్ల నడక బ్యాగులాంటిది తీసుకుని ఇలా వాడుకోవచ్చు.

ఇబ్బంది ఒక్కటే. బ్యాగు పైనుంచే తెరుచుకుంటుంది కాబట్టి కెమెరా తీయాలంటే దానిమీద పెట్టినవన్నీ ముందు తీయాలి. పక్షుల ఫొటోలు తీసేవాళ్లకు ఇది కుదరదు. ఇన్సర్ట్ కూడా లేకుండా టవల్లో చుట్టి పడేయడం మాత్రం వద్దు, బండమీద బ్యాగు దించిన ప్రతిసారీ దెబ్బ నేరుగా లెన్సు మౌంటుకు, అంటే లెన్సు కెమెరాకు బిగిసే చోటికి తగులుతుంది.

ఎన్ని లీటర్ల బ్యాగు తీసుకోవాలి?

ఒక్క రోజు తిరుగుడుకు 15 నుంచి 22 లీటర్ల మధ్యది. ఎక్కువమందికి 20 దగ్గర ఆగితే సరిపోతుంది.

అయితే లీటర్ల అంకె కంటే ముందు ఇంకోటి తేల్చుకోవాలి. మన ప్రాంతంలో బ్యాగు కొలత నీళ్ల బాటిల్ దగ్గర మొదలవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను. ఈ పేజీలో మిగతావి మర్చిపోయినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. భువనగిరి కోట దాదాపు 500 అడుగుల ఏకశిల, ఎక్కే దారిలో నీడ చాలా తక్కువ, పొద్దున తొమ్మిదింటికే బండ కాలడం మొదలవుతుంది. మార్చి వచ్చిందంటే మనిషికి రెండు లీటర్ల నీళ్లు లేకుండా ఎక్కడం మంచిది కాదు. రెండు లీటర్లంటే రెండు కిలోలు. ఉదాహరణకు చిన్న మిర్రర్‌లెస్ కెమెరా కేనన్ ఆర్50 బాడీ బ్యాటరీతో కలిపి 375 గ్రాములు, 18-45 కిట్ లెన్సు 130 గ్రాములు, 55-210 జూమ్ లెన్సు 270 గ్రాములు. మూడూ కలిపినా 775 గ్రాములే. అంటే మీరు మోసే నీళ్లు మీ కెమెరా సామానుకు రెండున్నర రెట్ల బరువు. ఫుల్‌ఫ్రేమ్ వాళ్లకు, అంటే పెద్ద సెన్సార్ ఉన్న కెమెరా వాడేవాళ్లకు, సోనీ ఏ7 ఫోర్ బాడీ, 24-70, 70-200 జీ మాస్టర్ రెండో తరం లెన్సులు కలిపితే సుమారు 2.4 కిలోలు, అక్కడ కూడా నీళ్లు దాదాపు సమానంగా తూగుతాయి.

ఇప్పుడు షాపులో కెమెరా బ్యాగు తెరిచి చూడండి. లోపల అంతా లెన్సుల అరలే ఉంటాయి, నీళ్లకు పక్కన అరలీటరు సీసా పట్టే చిన్న వల జేబు ఒకటే ఉంటుంది. అలాంటిది 25 లీటర్లదైనా మనకు చిన్నదే. మూడింట రెండొంతులు కెమెరా అర, పైన టిఫిను, టోపీ, పలచటి రెయిన్ కోటు పెట్టుకునే ఖాళీ, రెండు పక్కలా ఒక్కో లీటరు బాటిల్ నిలబడే లోతైన జేబులు ఉంటే 18 లీటర్లది కూడా పెద్దదే.

పక్క జేబులో బాటిల్ పడుతుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

మీ బాటిల్ మీరే షాపుకు తీసుకెళ్లండి. ముందు బ్యాగును నిండుగా నింపించి, ఆ తర్వాత బాటిల్ దోపి చూడండి. ఖాళీ బ్యాగులో సులువుగా పట్టిన బాటిల్ నిండిన బ్యాగులో పట్టదు, లోపలి సామాను జేబును బయటికి తోసి బిగించేస్తుంది. వంగినప్పుడు జారకుండా పైన చిన్న పట్టీ ఉంటే ఇంకా మంచిది.

జేబు బట్ట కూడా చూడండి. పలచటి వల జేబులు రాచకొండ, దేవరకొండ లాంటిచోట్ల ఎక్కువ కాలం ఉండవు, రేగు కంపలు, సర్కారు తుమ్మ ముళ్లు తగిలి చీలుతాయి. సాగే బట్టతో గట్టిగా కుట్టిన జేబు వెతకండి. వేలాడే పట్టీలు ఎక్కువున్న బ్యాగు కూడా కంపల్లో పట్టుకుంటుంది, మిగిలిన కొసలను చుట్టి రబ్బరు బ్యాండు వేసుకోండి.

కెమెరా అరలోనే నీళ్ల సంచి పెట్టుకుని గొట్టంతో తాగే పద్ధతి నాకు నచ్చదు. లీకైతే నీళ్లన్నీ లెన్సుల మీదికే పోతాయి. నీళ్లు బయట, కెమెరా లోపల ఉండాలి.

ఆన్‌లైన్లో కొంటున్నా. లీటర్లు కాకుండా ఇంకేం చూడాలి?

లోపలి కొలతలు చూడాలి, ముఖ్యంగా లోతు. బయటి కొలత పెద్దక్షరాల్లో ఇస్తారు, లోపలిది కిందెక్కడో ఉంటుంది. చేతి పట్టు (గ్రిప్) పెద్దగా ఉండే డీఎస్ఎల్ఆర్ బాడీని 11 సెంటీమీటర్ల లోతున్న అరలో పెడితే జిప్పు వేసేటప్పుడు బటన్లు, వెనక స్క్రీను నొక్కుకుపోతాయి. మీ దగ్గరున్న అతిపెద్ద లెన్సును కెమెరాకు తగిలించి, నేలమీద పెట్టి, స్కేలుతో పొడవు, వెడల్పు, లోతు కొలుచుకోండి. ప్రతివైపూ ఒకటి రెండు సెంటీమీటర్లు కలిపి ఆ అంకెలతో బ్యాగు లోపలి కొలత పోల్చండి. లెన్సు తగిలించిన కెమెరా అలాగే పట్టాలి. ప్రతిసారీ లెన్సు ఊడదీసి పెట్టాల్సి వస్తే దుమ్ము సెన్సార్ మీదికి పోతుంది, మన రోడ్లపక్క దుమ్ము సంగతి మీకు తెలిసిందే.

బ్యాగు బరువు ఎంత ఉండాలి? నడుము బెల్టు తప్పనిసరా?

ఖాళీ బ్యాగు కిలోన్నర లోపు ఉండేలా చూసుకోండి. మందపాటి బట్ట, లాప్‌టాప్ అర, లోహపు కొక్కేలు ఉన్న స్టైలు బ్యాగులు కొన్ని ఖాళీగానే రెండు కిలోల దాకా తూగుతాయి. ఊళ్లో తిరగడానికి అందంగా ఉంటాయి కానీ గుట్టెక్కేటప్పుడు ప్రతి మెట్టుకూ ఆ బరువు తెలుస్తుంది.

లెక్క ఇలా వేసుకోండి. చిన్న కెమెరా సామాను ముప్పావు కిలో, బ్యాగు కిలో మూడొందల గ్రాములు, నీళ్లు రెండు కిలోలు, తిండి, టోపీ, పవర్ బ్యాంకు, మందులు కలిపి ఇంకో ముప్పావు కిలో. ఐదు కిలోలకు కాస్త అటూఇటూ వస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ సామానైతే ఆరున్నర కిలోలు. సొంత బరువులో పదోవంతు దాకా చాలామంది హాయిగానే మోస్తారు, అంటే 60 కిలోల మనిషికి ఆరు కిలోలు. అది దాటితే నడుము బెల్టు ఉన్న బ్యాగే తీసుకోవాలి.

బెల్టుల్లో రెండు రకాలున్నాయి, ఇక్కడ చాలామంది మోసపోతారు. స్పాంజి పెట్టిన వెడల్పు బెల్టు తుంటి ఎముకల మీద కూర్చుని భుజాల మీది బరువును నిజంగా కిందికి దించుతుంది. వేలెడు వెడల్పు ఉత్త పట్టీ బ్యాగు ఊగకుండా పట్టుకుంటుంది, అంతే, బరువు మోయదు. ఫొటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఛాతీ పట్టీ మాత్రం ఎంత చిన్న బ్యాగుకైనా ఉండాలి. వంగి, చేతులు ఆనించి బండ ఎక్కేటప్పుడు భుజం పట్టీ జారితే మనిషి తూలిపోతాడు, భువనగిరిలాంటి నున్నటి బండమీద అది ప్రమాదం.

ఆడవాళ్లకు, పొట్టిగా ఉన్నవాళ్లకు వేరే బ్యాగులు ఉంటాయా?

కెమెరా బ్యాగుల్లో తక్కువ. ఎక్కువ శాతం ఒకే సైజులో వస్తాయి, అది ఐదడుగుల ఏడెనిమిది అంగుళాల మనిషికి సరిపోతుంది. మనిషి ఎత్తు కంటే వీపు పొడవు ముఖ్యం. తల ముందుకు వంచితే మెడ వెనక ఉబ్బెత్తుగా తగిలే ఎముక నుంచి తుంటి ఎముకల పైఅంచు దాకా టేపుతో కొలిపించుకోండి. బ్యాగు వీపు భాగం దానికంటే బాగా పొడవుంటే బెల్టు తుంటి మీద కాకుండా తొడల పైన పడుతుంది, అప్పుడు బరువంతా భుజాల మీదే. ఛాతీ పట్టీని పైకీ కిందికీ జరుపుకునే వీలుండాలి. సరైన కెమెరా బ్యాగు దొరక్కపోతే ఆడవాళ్ల కోసం చేసిన మామూలు నడక బ్యాగు, దాంట్లో ఇన్సర్టు, ఈ జోడీ చాలామందికి బాగా కుదురుతుంది.

వెనకనుంచి తెరుచుకునేది, పక్కనుంచి తెరుచుకునేది, ముందునుంచి తెరుచుకునేది... ఏది మంచిది?

మీరు ఏం ఫొటోలు తీస్తారన్నదాన్ని బట్టి.

వెనకనుంచి, అంటే వీపుకు ఆనే వైపునుంచి తెరుచుకునేది నాకు అన్నిటికంటే నచ్చుతుంది. జిప్పు వీపుకు అతుక్కుని ఉంటుంది కాబట్టి జాతర్లో, బస్సులో వెనకవాడు తెరవలేడు. నేలమీద పెట్టినప్పుడు ముందుభాగం మట్టిలో ఉంటుంది, వీపుకు ఆనే భాగం శుభ్రంగా పైకి ఉంటుంది, మళ్లీ తగిలించుకుంటే చొక్కాకు బురద అంటదు. ఇబ్బంది ఏంటంటే ప్రతిసారీ కింద పెట్టాలి, ఏటవాలు బండమీద పెట్టిన బ్యాగు జారిపోవచ్చు. నడుము బెల్టు గట్టిగా ఉంటే భుజం పట్టీలు తీసి, బ్యాగును పొట్టవైపు తిప్పుకుని నిలబడే తెరవచ్చు. ఇది ఇంట్లో నాలుగైదుసార్లు అలవాటు చేసుకుంటే చేతులు వాటంతటవే కదులుతాయి.

పక్కనుంచి తెరుచుకునేది వేగం. ఒక పట్టీ తీసి బ్యాగు ముందుకు తిప్పితే కెమెరా చేతికొస్తుంది. జూరాల, సాగర్ దగ్గర పిట్టల కోసం తిరిగేవాళ్లకు, పిల్లలతో పోయేవాళ్లకు ఇది సరిపోతుంది. కానీ ఒక్కటి చూసుకోండి, పక్క జిప్పుకు లోపల అడ్డంగా చిన్న భద్రతా పట్టీ ఉందా? జిప్పు వేయడం మరిచిపోయి బ్యాగు ఎత్తుకుంటే కెమెరా నేరుగా బండమీద పడుతుంది, ఆ పట్టీ ఉంటే ఆగుతుంది. పక్క జేబులో ట్రైపాడ్ పెడితే ఆ దారి మూసుకుపోతుందని కూడా గుర్తుంచుకోండి.

ముందునుంచి పూర్తిగా తెరుచుకునేది స్టూడియోకు, కారులో పోయేవాళ్లకు బాగుంటుంది. మట్టినేల మీద పెట్టి తెరవాలంటే మన వీపుకు ఆనే భాగమే కిందికి పోతుంది.

ఇంకో పద్ధతి కూడా ఉంది. భుజం పట్టీకి బిగించే క్లిప్పు, పీక్ డిజైన్ క్యాప్చర్ లాంటిది, పెట్టుకుంటే చిన్న కెమెరా ఛాతీ దగ్గరే వేలాడుతుంది, బ్యాగు తెరిచే పనే తగ్గుతుంది. పట్టీ మరీ మందంగా ఉంటే ఆ క్లిప్పు పట్టదు, కొనేముందు చూసుకోండి.

వీపంతా చెమటతో తడిసిపోతోంది. ఏ బ్యాగుకైనా ఇంతేనా?

పూర్తిగా తప్పించుకోలేం, ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 43 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కానీ తేడా ఉంది. వీపు దగ్గర మధ్యలో గాలి పోయే లోతైన కాలువ, దానిమీద వల బట్ట ఉన్నవి బల్లపరుపు స్పాంజి ఉన్నవాటికంటే చాలా నయం. రంగు సంగతి జనం పట్టించుకోరు కానీ పట్టించుకోవాలి: కెమెరా బ్యాగుల్లో ఎక్కువ నల్లవే, ఎండలో నల్ల బ్యాగు లోపల వేడి బాగా పెరుగుతుంది. బూడిద రంగు, ఇసుక రంగు, లేత ఆకుపచ్చ దొరికితే అదే తీసుకోండి. అడవిలో జంతువుల్ని చూడబోయేటప్పుడు కూడా ఆ రంగులే మంచివి.

బ్యాగును ఎండలో ఆపిన కారులో వదలొద్దు. మూసిన కారు లోపలి వేడి బయటికంటే ఎంతో ఎక్కువ, లిథియం బ్యాటరీలకు అది మంచిది కాదు.

వానాకాలంలో మల్లెలతీర్థం జలపాతానికి పోవాలనుకుంటున్నాం. రెయిన్ కవర్ ఉంటే చాలా?

చాలదు. రెయిన్ కవర్ ముందు, పక్కలు, పైభాగం కప్పుతుంది, వీపు వైపు కప్పదు. పెద్దవానలో మెడ దగ్గరనుంచి నీళ్లు వీపుమీదుగా కారి స్పాంజిలోకి ఇంకుతాయి, ఆ స్పాంజి వెనకే మీ కెమెరా ఉంటుంది. బట్ట నీళ్లు తట్టుకుంటుందని రాసినా జిప్పులు, కుట్లు తట్టుకుంటాయని అర్థం కాదు. కాబట్టి లోపల ఇంకో పొర కావాలి. నోరు మడిచి బిగించే వాటర్‌ప్రూఫ్ సంచి ఉంటే సరే, లేదంటే మందపాటి పాలిథిన్ కవరు కూడా అదే పని చేస్తుంది, వాడుకున్నాక అడవిలో మాత్రం వదలకుండా ఇంటికి తెచ్చుకోండి.

మల్లెలతీర్థంలో మెట్లు దిగాక జలపాతం దగ్గర తుంపర గాలిలో లేచి వస్తుంది, వాన లేకపోయినా బ్యాగు తడుస్తుంది. దూరంగా పొడి రాయిమీద పెట్టి, కెమెరా ఒక్కటే తీసుకుని దగ్గరికి పోండి. ఏసీ కారులోంచి దిగిన వెంటనే కెమెరా బయటికి తీస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది. బ్యాగు మూసే ఉంచి ఇరవై నిమిషాలో అరగంటో బయటి వేడికి అలవాటు పడనివ్వండి.

ట్రైపాడ్ ఎక్కడ కట్టాలి?

మడిస్తే 40, 45 సెంటీమీటర్లు ఉండే ప్రయాణాల ట్రైపాడ్ అయితే పక్క జేబులో. కానీ ఆ పక్క బాటిల్ పోతుంది, రెండోవైపు నీళ్లతో సరితూగేలా చూసుకోవాలి, లేకపోతే ఒక భుజం లాగుతుంది. బ్యాగు ముందుభాగం మధ్యలో కట్టుకునే ఏర్పాటు ఉంటే బరువు సమంగా ఉంటుంది, నీళ్ల జేబులు రెండూ మిగులుతాయి.

అసలు ట్రైపాడ్ అవసరమా అన్నది ముందు ఆలోచించండి. అలంపురం నవబ్రహ్మ ఆలయాల్లాంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి తీసుకోవాలి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలో పడే ఆ నీడ కోసం, చీకటి మండపాల కోసం చాలామంది ట్రైపాడ్ మోసుకుపోతారు. స్తంభానికి భుజం ఆనించి, ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టే సెట్టింగు) పెంచి, ఎక్కువ వెడల్పు పట్టే వైడ్ లెన్సుతో తీసినా మంచి ఫొటోలు వస్తాయి, పైగా పూజకు వచ్చినవాళ్లకు అడ్డం ఉండదు.

బైకుమీద పోయేటప్పుడు బ్యాగు వీపుకే తగిలించుకోవాలా?

ఒంటరిగా పోతే అవును. పట్టీలు కాస్త వదులు చేసి బ్యాగు అడుగు సీటుమీద ఆనేలా చూసుకుంటే బరువు భుజాల మీద ఉండదు. మరీ పొడవాటి బ్యాగైతే తల వెనక్కి తిప్పినప్పుడు హెల్మెట్ పైభాగానికి తగులుతుంది, కొనేముందు హెల్మెట్ పెట్టుకుని చూడండి. పెట్రోల్ ట్యాంకుమీద ఊరికే పెట్టుకుని పోవడం, వెనక కొక్కేల తాడుతో కట్టడం నేను వద్దంటాను. గుంతల్లో వచ్చే కుదుపు అంతా నేరుగా లెన్సుకు పోతుంది. ట్రైపాడ్ తలకాయలాంటి గట్టి లోహపు సామాను వెన్నెముక వైపు కాకుండా బయటివైపు ఉండాలి, కిందపడితే అదే వెన్నుకు గుచ్చుకుంటుంది.

ఇద్దరు పోతుంటే బ్యాగు వెనక కూర్చున్నవాళ్ల వీపుకు ఉండాలి.

బస్సుల్లో, జాతరల్లో జాగ్రత్తలేంటి?

బస్సులో ఒళ్లో పెట్టుకోండి, నిలబడితే ముందువైపు తగిలించుకోండి. పైన సామాన్ల చట్రంమీద పెట్టొద్దు, బ్రేకు వేస్తే జారుతుంది. సలేశ్వరం జాతరకు, కురుమూర్తి జాతరకు పోయేవాళ్లు పక్క జిప్పులున్న బ్యాగు తీసుకుంటే రెండు జిప్పు రన్నర్లనూ కలిపి చిన్న కొక్కెంతో బిగించండి. సలేశ్వరం లోయలోకి దిగేదారి ఇరుకు, "వస్తున్నాం లింగమయ్యా" అంటూ జనం ఒకరి వెనక ఒకరు దిగుతుంటారు. అక్కడ వెడల్పాటి బ్యాగు మీకే కాదు, పక్కవాళ్లకూ ప్రమాదం. ఆ రోజు ఒక కెమెరా, ఒక లెన్సు, మిగతాదంతా నీళ్లు. అంతకుమించి మోయకండి.

బ్యాగుమీద కెమెరా కంపెనీ పేరు పెద్దగా ఉంటే లోపలేముందో అందరికీ చెప్పినట్టే. పేరు లేనిది, మామూలు బ్యాగులా కనిపించేది నయం.

కోతులు బ్యాగు లాక్కుంటాయా?

బ్యాగు కంటే దాంట్లోని తిండి కోసం వస్తాయి. ఉమామహేశ్వరం, యాదగిరిగుట్ట, మన్ననూరు దాటాక శ్రీశైలం రోడ్డు, ఈ చోట్లన్నీ కోతులు మనుషులకు బాగా అలవాటుపడ్డవి. అరటిపళ్లు, చిప్స్ ప్యాకెట్లు, రంగు డ్రింకు సీసాలు పక్క జేబుల్లో కనబడకూడదు. పాలిథిన్ కవరు చప్పుడు విన్నా వస్తాయి. తిండి లోపలి అరలో, మూతగట్టి డబ్బాలో పెట్టండి, వాటి ఎదురుగా బ్యాగు తెరవకండి, లెన్సు మార్చే పనైతే కారులోకో గుడి అరుగు లోపలికో పోయి మార్చుకోండి. దయచేసి వాటికి ఏమీ పెట్టకండి. మనం పెట్టబట్టే అవి రోడ్డుమీదికొచ్చి బండ్లకింద పడుతున్నాయి.

నల్లమల సఫారీకి పెద్ద లెన్సు తీసుకెళ్లాలి. ఈ చిన్న బ్యాగులో పడుతుందా?

కేనన్ 100-400 ఆర్‌ఎఫ్ లాంటిదైతే 635 గ్రాములే, హాయిగా పడుతుంది. సోనీ 200-600, నికాన్ 200-500 లాంటివి రెండు కిలోలు దాటుతాయి, పొడవు కూడా ఎక్కువ, వాటికి 20 లీటర్ల బ్యాగు కుదరదు. ఫరహాబాద్ సఫారీలో ఎలాగూ బండిలోనే ఉంటాం కాబట్టి ఆ రోజుకు లెన్సుతో వచ్చిన పొడవాటి సంచీ చాలు, దాన్ని ఒళ్లో పట్టుకోండి. ఏడాదికి ఒకటి రెండుసార్ల కోసం పెద్ద బ్యాగు కొని, మిగతా రోజులంతా దాన్నే మోయడం వద్దు.

పెళ్లిళ్లకు వాడే పెద్ద బ్యాగు ఉంది. దాన్నే వాడుకోవచ్చు కదా?

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో పెళ్లిళ్ల ఫొటోలు తీసే తమ్ముళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. సోమశిలలో ప్రీవెడ్డింగ్ షూటుకు అది సరే, కారు ఒడ్డుదాకా పోతుంది. గుట్టెక్కడానికి పనికిరాదు. అందులో రెండు బాడీలు, ఫ్లాషులు, ట్రిగ్గర్లు, చార్జర్లు అన్నీ ఎప్పుడూ ఉంటాయి, తీసి బయట పెట్టడానికి మనసొప్పదు, చివరికి పది కిలోలు మోసుకుని పైకెక్కి, అలసిపోయి, ఒక్క లెన్సుతోనే ఫొటోలు తీసి దిగుతారు. పనికి ఒక బ్యాగు, సంతోషానికి ఒక బ్యాగు వేరుగా ఉంచుకోండి. రెండోది చవకదైనా పర్లేదు.

విమానంలో తీసుకెళ్లొచ్చా?

మన దేశంలో ఎక్కువ విమాన సంస్థలు చేతి సామానుకు 7 కిలోలు, సుమారు 55×35×25 సెంటీమీటర్లు అనుమతిస్తాయి. 20 లీటర్ల బ్యాగు కొలతలో సమస్య రాదు, బరువు చూసుకోండి. విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్ సామానులో వేయనివ్వరు. హద్దు 100 వాట్-అవర్లు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా బ్యాటరీ ఒకటి 16 చుట్టూ ఉంటుంది, చిన్న కెమెరాలది ఇంకా తక్కువ, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 74, కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. బ్యాటరీల లోహపు కొసలకు మూతలు పెట్టండి. శంషాబాద్‌లో తనిఖీ దగ్గర కెమెరా బయటికి తీయమని అడగవచ్చు, వెనకనుంచి పూర్తిగా తెరుచుకునే బ్యాగు ఉంటే ఆ పని తొందరగా అవుతుంది.

లాప్‌టాప్ అర కావాలా?

గుట్టలకు వద్దు. ఆఫీసుకూ అదే బ్యాగు వాడేవాళ్లైతే సరే.

ఎంత పెట్టాలి? ఏ కంపెనీ?

2,000 నుంచి 4,000 రూపాయల్లో వాడుకోదగ్గ బ్యాగులు దొరుకుతాయి, 5,000 నుంచి 10,000 మధ్య లోప్రో, వాన్‌గార్డ్ లాంటి పేర్లు వస్తాయి, పీక్ డిజైన్ లాంటివి ఇంకా పైన. ఖరీదైనవాటిలో జిప్పులు, కుట్లు బాగుంటాయి, నిజమే. అయినా 15,000 పెట్టి కొన్న బ్యాగులో రెండు లీటర్ల నీళ్లు పట్టకపోతే మన ఎండకు అది పనికిరాదు. అందుకే కంపెనీ పేరు నేను ఆఖరున చూస్తాను. మొదటిసారి కొనేవాళ్లు హైదరాబాద్ పోయే పని ఉంటే కోఠీ, అబిడ్స్‌లలోని కెమెరా షాపుల్లో రెండు మూడు రకాలు భుజాన వేసుకుని చూడండి.

కుట్లు చూసేటప్పుడు భుజం పట్టీ బ్యాగుకు అతికే మూల చూడండి. చతురస్రం లోపల అడ్డగీతలతో కుట్టి ఉండాలి, లేదా దట్టంగా ముడివేసినట్టు రెండు మూడు వరుసలుండాలి. ఒంటి కుట్టు ఉంటే వదిలేయండి. జిప్పు మీద వైకేకే అని (జిప్పుల కంపెనీ పేరు) ఉంటే మంచిదే, లేకపోయినా రన్నర్‌ను మూలల దగ్గర ఒంటిచేత్తో లాగి చూడండి, అక్కడ ఇరుక్కుంటే రోజూ ఇరుక్కుంటుంది.

ఆన్‌లైన్లో తెప్పించాను. ఉంచుకోవాలా, వాపస్ పంపాలా?

ట్యాగులు తీయకుండా పరీక్షించండి. ఖరీదైన కెమెరా పెట్టకుండా కిలో బియ్యం ప్యాకెట్లు ఐదు లోపల సర్దండి, రెండు పక్కలా నిండు బాటిళ్లు పెట్టండి, డాబా మెట్లు పావుగంట ఎక్కిదిగండి. మెడ పక్క నరం లాగినా, బెల్టు తుంటిమీద నిలవకపోయినా, వంగినప్పుడు బ్యాగు తలమీదికి వచ్చినా వాపస్ పంపండి. "వాడగా వాడగా అలవాటవుతుంది" అని ఎవరు చెప్పినా వినకండి, కొలత కుదరని బ్యాగు అలవాటు కాదు.

సామాను ఏ వరుసలో సర్దాలి?

బరువైనవి వీపుకు దగ్గరగా, మధ్య ఎత్తులో. అడుగున మరీ బరువు పెడితే వెనక్కి లాగుతుంది, పైన పెడితే బండమీద వంగినప్పుడు తూలుతుంది. మెమరీ కార్డులు, విడి బ్యాటరీ, లెన్సు తుడిచే బట్ట పైజేబులో ఎప్పుడూ ఒకేచోట ఉండాలి. పై అరలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు, టోపీ, బ్యాండేజీలు. పానగల్లుకు పోయేరోజు వైడ్ లెన్సు తప్ప వేరే అక్కర్లేదు, దేవరకొండకు వైడ్ ఒకటి, మధ్యరకం జూమ్ ఒకటి చాలు. ఖాళీ అయిన అరలో ఇంకో నీళ్ల సీసా పెట్టే ఆలోచన వస్తే, ముందు దాన్ని మూత బిగించి తలకిందులుగా పట్టుకుని కారడం లేదని చూసుకుని, వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టాకే కెమెరా పక్కన ఉంచండి.

ఇంటికొచ్చాక బ్యాగును ఎలా చూసుకోవాలి?

కెమెరా, లెన్సులు అదేరోజు బయటికి తీయండి. చెమట, తుంపర పీల్చిన స్పాంజి రోజుల తరబడి తేమ పట్టుకుని ఉంటుంది, వానాకాలంలో మూసిన బ్యాగులో వదిలేస్తే లెన్సుకు ఫంగస్ వస్తుంది. గాలిలో తేమ 60 శాతం దాటితే దానికి అనుకూలం. లెన్సులను గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టుకుంటే తక్కువ ఖర్చులో పని అవుతుంది, చిన్న తేమ కొలిచే మీటరు ఒకటి లోపల ఉంచి 40, 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. జెల్ రంగు మారితే వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడండి.

బ్యాగును వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు, నీళ్లు చొరకుండా లోపల వేసిన పూత పొరలుగా ఊడి జిగట పడుతుంది. పట్టీల మీద తెల్లగా ఆరిన ఉప్పును తడిబట్టతో తుడిచి, జిప్పులు అన్నీ తెరిచి నీడలో ఆరేయండి. జిప్పు పళ్లలోని ఎర్రమట్టిని పాత టూత్‌బ్రష్‌తో తీయండి. రన్నర్ వదులైతే కొత్త బ్యాగు కొనేయకండి, మీ బస్టాండు దగ్గర బ్యాగులు కుట్టే ఆయనకు చూపించండి, రన్నర్ మార్చి, పట్టీ మూలల్లో నైలాన్ దారంతో ఇంకో వరుస కుట్టి ఇస్తాడు.